ఎర్త్ చూశావా?

పెన్‌హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడి నుంచి కిందికి దిగుతుంటే కారు ఒక కుదుపు కుదిపి, ఇంకో కుదుపు కుదిపి, ఆగిపోయింది. పిట్స్‌బర్గ్ చుట్టుపక్కలంతా కొండలూ లోయలూ. పల్లంలో ఉన్నాను కాబట్టి దొర్లించుకుంటూ రోడ్డు పక్కకు తీసుకోగలిగాను. తాళం వెనక్కి తిప్పి, మళ్లీ సగం ముందుకు తిప్పి చెవి రిక్కించాను. నా కారులో తాళం సగం తిప్పగానే వెనక కుడి చక్రం వైపు నుంచి టిక్ టిక్ టిక్ అని వినబడాలి. అది పెట్రోలు పంపు చప్పుడు. ఎనిమిదేళ్లుగా ఆ చప్పుడు వినకుండా నేను సెల్ఫ్ కొట్టింది లేదు. ఆ రోజు వినబడలేదు.

దిగి, చక్రం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చెప్పు చేత్తో పట్టుకుని కారు కింద పంపు మీద మెల్లగా రెండు దెబ్బలు వేశాను. టిక్ అంది. తర్వాత టిక్ టిక్ టిక్. ఇంటికి చేరాను. పక్క సీట్లో పులిహోర పొట్లం ఇంకా వెచ్చగానే ఉంది.

కారు 1972 నాటి ఎంజీబీ. ఇద్దరే పట్టే, టాపు తీసేసుకునే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. ఇవాళ హైదరాబాద్ రోడ్ల మీద తిరిగే ఎంజీ హెక్టర్ ముందు కనిపించే ఎనిమిది మూలల గుర్తే దీని ముందూ ఉంటుంది. చేతులు మారి మారి ఎంజీ అనే ఆ పేరు ఇప్పుడు ఒక చైనా కంపెనీకి చేరింది కానీ, మొదట అది ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న మోరిస్ గ్యారేజెస్ అనే కార్ల దుకాణం పేరులోని తొలి అక్షరాలు. 1962 నుంచి 1980 దాకా, ఆక్స్‌ఫర్డ్ పక్కనే ఉన్న ఆబింగ్డన్ ఊళ్లో ఎంజీబీలు అయిదు లక్షలకు పైగా తయారుచేశారు. ఎక్కువ భాగం ఓడెక్కి అమెరికాకే వచ్చాయి. 1980 అక్టోబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది.

నేను దీన్ని కొనడానికి కారణం అందం కాదు, గొంతు. ఒహాయోలో ఒక పెద్దాయన ఇంటి ముందు మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. అది మా బాబాయి షెడ్డులో నేను పెరిగిన చప్పుడు. తర్వాత చదివితే తెలిసింది, దీని 1798 సీసీ ఇంజనూ, మన పాత అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలు ఇంజనూ ఒకే కుటుంబమని. బీ సిరీస్ అంటారు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారే మన దేశానికి వచ్చి, మనకు అంబాసిడర్ అయింది. ఫోన్లో వినిపిస్తే బాబాయి వెంటనే, "ఇది మన అంబాసిడరే కదరా, కాస్త గొంతు పెంచింది" అన్నాడు.

బాబాయి విజయవాడ ఆటోనగర్‌లో వైరింగ్ పని చేసేవాడు. డైనమోలు, సెల్ఫ్ మోటార్లు, హారన్లు, లైట్లు. అంబాసిడర్ టాక్సీలు, లారీలు. ఇప్పుడు డెబ్బై ఆరేళ్లు. షెడ్డు ఎప్పుడో వదిలేశాడు గానీ చెవులూ మాటా అలాగే ఉన్నాయి.

పంపు ఆగిన మర్నాడు నేను చేసిన పని, ఇక్కడ అందరూ చేసే పనే. కొత్త పంపు తెప్పించి బిగించాను. ఆ పంపు ఎలా పనిచేస్తుందో తెలిస్తే నా ఆలోచన తప్పుగా తోచదు. లోపల ఒక తీగచుట్ట. కరెంటు రాగానే అయస్కాంతమై ఒక పొరను లాగుతుంది, పెట్రోలు లోపలికి వస్తుంది. పొర చివరిదాకా రాగానే పాయింట్లు విడిపోయి కరెంటు తెగుతుంది. స్ప్రింగు పొరను వెనక్కి నెడుతుంది, పెట్రోలు కార్బురేటర్‌కు పోతుంది. పాయింట్లు మళ్లీ కలుస్తాయి. ప్రతి టిక్కూ ఒక గుక్క. ఏళ్ల తరబడి అలా కలిసి విడిపోయే పాయింట్లు మాడి గుంటలు పడతాయి, అతుక్కుపోతాయి. దెబ్బ వేస్తే కదులుతాయి. కాబట్టి దెబ్బకు కదిలిందంటే పాయింట్లు పోయినట్టే అనుకున్నాను. పంపు మార్చాను. నెల తిరగకుండానే అదే చోటికి దగ్గర్లో, అదే తీరున, కొత్త పంపు ఆగింది. దెబ్బ వేస్తే అదీ కదిలింది.

ఆ రాత్రి బాబాయికి ఫోన్ చేశాను. అక్కడ ఉదయం, కాఫీ తాగుతున్నాడు.

"ఎర్త్ చూశావా?"

"కొత్త పంపు బాబాయ్. నెల కూడా కాలేదు."

"పంపు సంగతి నేనడగలేదు నాన్నా. ఎర్త్ చూశావా అంటున్నా."

ఎర్త్ అంటే కరెంటు కారు బాడీ ద్వారా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి. చూశాననే చెప్పాను. నిజంగానే చూశాను. మల్టీమీటర్ పెట్టి, పంపుకు వచ్చే తెల్ల వైరుకూ పంపు నల్ల వైరుకూ మధ్య కొలిస్తే పన్నెండు వోల్టులు చూపించింది. బాబాయి, "పంపుకు వైర్లు తగిలించి కొలిచావా, ఊడదీసి కొలిచావా?" అన్నాడు. ఊడదీసే కొలిచాను. "అయితే నువ్వు కొలిచింది ఏమీ లేదు. బల్బు పెట్టి చూడు."

ఈ మాట అర్థమవడానికి నాకు రెండు రోజులు పట్టింది. నేను ఎలక్ట్రానిక్స్ చదివినవాణ్ణి. పుస్తకంలో ఓమ్ సూత్రం ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. అయినా ఆ సూత్రం నా చేతిలోకి ఎన్నడూ రాలేదు. డిజిటల్ మీటర్ తనలోకి కరెంటును దాదాపుగా తీసుకోదు. కాబట్టి చిలుము పట్టిన కొస అయినా, ఇరవై పోగుల్లో ఒకే ఒక్క పోగు మిగిలిన వైరు అయినా, మీటర్ దగ్గరికి మాత్రం పూర్తి పన్నెండు వోల్టులూ తెచ్చి చూపిస్తుంది. పంపు తగిలించి పని అడిగినప్పుడే దాని బలహీనత బయటపడుతుంది. సగం మూసుకుపోయిన నీళ్ల పైపు లాంటిది. కుళాయి కట్టేసి ఉన్నంతసేపూ పీడనం బాగానే ఉంటుంది, తిప్పితేనే బిందె నిండదు.

బాబాయి బల్బు అంటే ఇండికేటర్‌లో వాడే 21 వాట్ల బల్బు. రెండు వైర్లు, రెండు మొసలి నోటి క్లిప్పులు. అంతే టెస్టర్. అది వెలిగితే కరెంటు ఒకటిన్నర ఆంపియర్లు దాటి పారుతుంది, అంటే దారి బరువు మోయాల్సి వస్తుంది. నేనూ ఒకటి తయారుచేసుకున్నాను. ఫోన్‌ను టైరుకు ఆనించి వీడియోలో బాబాయిని కూర్చోబెట్టి కారు కిందికి దూరాను. "ముందు క్లిప్పులు పెట్టు, ఆ తర్వాతే తాళం తిప్పు. పక్కన పెట్రోలు ఉంది, నిప్పురవ్వ పుట్టకూడదు" అన్నాడు. పంపు నుంచి రెండు వైర్లూ తప్పించి, ఒక క్లిప్పు తెల్ల వైరుకు, రెండోది గీకి శుభ్రం చేసిన కారు బాడీకి పెట్టాను. తాళం తిప్పితే బల్బు కళ్లు మిరుమిట్లు గొలిపింది. తాళం తీసి, రెండో క్లిప్పును బాడీ మీద నుంచి పంపు నల్ల వైరుకు మార్చాను. తాళం తిప్పాను. ఆరిపోయే దీపంలో వత్తిలా ఎర్రగా, అంతే.

"అదిగో" అన్నాడు బాబాయి. ఇంకేమీ అనలేదు.

కరెంటు రావడానికి ఏ ఇబ్బందీ లేదు. తిరిగి వెళ్లడానికే దారి లేదు. పంపు తగిలించి, అది కొట్టుకుంటుండగా నల్ల వైరుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య మీటర్ పెట్టాను. ఆరోగ్యంగా ఉన్న ఎర్త్ అయితే అక్కడ వోల్టులో పదోవంతుకు అటూఇటూ ఉండాలి. ప్రతి టిక్కుకూ నాలుగు వోల్టులు దాటి ఎగురుతోంది. మిగిలిన ఎనిమిది వోల్టులతో పంపు ఎలాగో నెట్టుకొస్తోంది. పొరను చివరిదాకా లాగే బలం చాలక మధ్యలో ఆగినప్పుడు నా చెప్పుదెబ్బ ఆ మిగిలిన కాస్త దూరం దాటించింది. పాయింట్లు పోయాయని నేను అనుకున్న దానికి అసలు అర్థం ఇది.

ఆ నల్ల వైరు ఎక్కడికి పోతుందో వెతుక్కుంటూ వెళితే డిక్కీలో తేలింది. వెనక వైరింగ్ కట్టలో కలిసి, నంబరు ప్లేటు దీపాన్ని బిగించిన ఒక బోల్టు కింద బాడీకి ఎర్త్ అవుతుంది. పెట్రోలు పంపుకూ నంబరు ప్లేటు దీపానికీ ఏమిటి సంబంధం అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. ఆ బోల్టే సంబంధం. నట్టు తిప్పితే ముందు కదల్లేదు, తర్వాత పొడి రాలింది. వాషరు కింద కళాయి పోయిన రాగి చెంబు అడుగున కనిపించే ఆకుపచ్చ చిలుము, దాని కింద ఎర్ర తుప్పు. పెన్సిల్వేనియాలో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. యాభై ఏళ్ల ఉప్పు నీళ్లు ఆ సందులో చేరి ఆ పని చేశాయి. గరుకు కాగితంతో బాడీని మెరిసే ఇనుము కనిపించేదాకా రుద్దాను. వైరు కొసకు కొత్త కన్ను వేసి, మెలిక వాషరు పెట్టి బిగించి, పైన వేజలీన్ పూశాను. అది బాబాయి పద్ధతి. మీటర్ పెడితే 0.08. ఖర్చు ఒక వాషరు.

లూకస్ అన్న పేరు మీద ఇక్కడ పాత కార్ల వాళ్లు చీకటి రాజు అని ఎగతాళి చేస్తుంటారు. బ్రిటిష్ కార్ల లైట్లూ వైరింగూ చాలావరకు లూకస్ కంపెనీవే. తరాలుగా నడుస్తున్న ఎగతాళి అది. నాకు అది అన్యాయంగా తోస్తుంది. ఈ కారులో నేను ఇప్పటిదాకా సరిచేసిన కరెంటు లోపాలను డైరీలో రాసుకున్నాను, మొత్తం ఇరవై మూడు. వాటిలో వస్తువు నిజంగా చచ్చిపోయినవి నాలుగు. మిగిలినవన్నీ రెండు లోహాలు కలిసే చోట్లు, లేదా మునుపటి యజమానులు చేసిన పనులు. మద్రాసులో లూకస్ టీవీఎస్ చేసిన డైనమోలను బాబాయి ముప్పై ఏళ్లు విప్పాడు, ఆ పేరును ఒక్కసారి కూడా తిట్టగా నేను వినలేదు. "కార్బన్లు అరుగుతాయి, మారుస్తాం" అనేవాడు.

నిజానికి ఆ వైరింగ్‌లో ఒక మర్యాద ఉంది. రంగులే భాష. గోధుమరంగు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, ఫ్యూజు లేదు. తెలుపు తాళం తిప్పితేనే బతికేది. తెలుపు ఫ్యూజు దాటితే ఆకుపచ్చ అవుతుంది. గోధుమ ఫ్యూజు దాటితే ఊదా. హెడ్‌లైట్లు నీలం, పార్కింగ్ లైట్లు ఎరుపు, ఎర్త్ నలుపు. పెద్ద రంగు మీద సన్న చార ఉంటే అది ఆ ఇంటి బిడ్డ అని. ఆకుపచ్చ మీద ఎర్ర చార ఎడమ ఇండికేటర్, తెల్ల చార కుడి ఇండికేటర్, ఊదా చార బ్రేకు లైటు. ఒకసారి ఈ వరస తలకెక్కాక డ్యాష్‌బోర్డు కింద తల కిందులుగా పడుకుని, టార్చి నోట కరుచుకుని, ఏ వైరు చూసినా అది ఎక్కడి నుంచి వచ్చిందో చదువుకోవచ్చు. అందుకే, ఎవరో ఎప్పుడో రేడియో పెట్టడానికి స్పీకర్ వైరు ముక్కను గోధుమరంగుకు మెలితిప్పి టేపు చుట్టి వదిలేస్తే నాకు బాధ కలుగుతుంది. చదివేవాడికి తెలియని లిపిలో మధ్యలో ఒక వాక్యం రాసి పోయినట్టు. ఆ ముక్కను పట్టుకోవడానికి నాకు మూడు శనివారాలు పట్టింది. రాత్రికి రాత్రి బ్యాటరీని తాగేస్తున్నది అదే.

ఫ్యూజుల సంగతి ఒకటి చెప్పాలి, పాత బ్రిటిష్ కారు ఉన్నవాళ్లకు పనికొస్తుంది. లూకస్ గాజు ఫ్యూజు మీద 35 ఆంపియర్లు అని ఉంటుంది. అది తెగే కరెంటు. ఎల్లకాలం మోయగలిగేది 17 మాత్రమే. అమెరికా ఫ్యూజు మీద రాసేది మోయగలిగే కరెంటు. అంకె చూసి అమెరికా 35 తెచ్చి పెడితే ఫ్యూజు నిలబడి వైరు కాలుతుంది. నా కారు కొన్న రోజున నాలుగింటిలో మూడు అలాంటివే ఉన్నాయి. కనీసం వైర్లు కాలకముందే నాకు అవి కనిపించాయి.

విడిభాగాల మాటకొస్తే ఎంజీబీది విచిత్రమైన అదృష్టం. పదేళ్ల నాటి మామూలు కారుకు దొరకని సామాను యాభై ఏళ్ల ఈ కారుకు ఫోన్ చేస్తే వారంలో వస్తుంది. ఇంగ్లండ్‌లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ పాత అచ్చులను వెతికి పట్టుకుని 1988 నుంచి ఈ కారుకు కొత్త బాడీనే తయారుచేస్తోంది. ఏ రబ్బరు, ఏ బుడిపె కావాలన్నా జాబితాలో ఉంటుంది. అయితే దొరకడం వేరు, నిలబడటం వేరు.

రెండేళ్ల కిందట, స్పార్కు ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో కొత్త రోటార్ వేశాను. కారు ముప్పావు గంట నడిచి, వేడెక్కగానే ఆగిపోయేది. చల్లారాక మళ్లీ లేచేది. కాయిల్ అనుకున్నాను, కండెన్సర్ అనుకున్నాను, రెండూ మార్చాను. చివరికి పెట్టెలో దాచిన, అరిగిన పాత రోటార్ తీసి పెడితే రోజంతా నడిచింది. రెండూ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూశాను. ఇత్తడి రేకును పట్టి ఉంచడానికి కొత్తదాంట్లో మధ్యలో ఒక రివెట్టు. రివెట్టు కొసకూ, కింద ఇరుసుకూ మధ్య ప్లాస్టిక్ చాలా పలచన. వేల వోల్టులకు ఆ పలచని గోడలో దారి దొరికింది. స్పార్కు ప్లగ్గు దాకా వెళ్లడం ఎందుకని అక్కడే దూకేసింది. లోపలి నుంచి చూస్తే సూది మొనంత నల్ల చుక్క. ఆ చుక్కను చాలాసేపు చూశాను. ఇప్పుడు రివెట్టు లేకుండా పోతపోసిన రోటార్లు వస్తున్నాయి, ఒకటి కొని వేశాను. పాతది మాత్రం టూల్ బాక్సులో చిన్న డబ్బాలో ప్రయాణిస్తుంది. ఇంట్లో నా విప్పిన సామాను అరను చూసి మా ఆవిడ చాలాసార్లు అడిగింది, అవన్నీ ఎందుకని. కొత్తదాన్ని నమ్మాలా వద్దా తేల్చుకోవడానికి పక్కన పెట్టి చూసుకోవాల్సింది ఆ పాతదే.

ఇక్కడి మెకానిక్కులను నేను తప్పుపట్టను. గంటకు అంత కూలి ఉన్న దేశంలో రెండు గంటలు వెతికి ఒక వాషరు మార్చితే బిల్లు చూసి మనిషి గొడవపడతాడు. పంపు మారిస్తే పడడు, చేతిలో ఒక వస్తువు ఉంది కాబట్టి. ఆటోనగర్‌లో వస్తువు ఖరీదు, మనిషి చవక. కాబట్టి బాబాయి లాంటివాళ్లు వెతకడం నేర్చుకున్నారు. డైనమో కాలితే తీగ విప్పి మళ్లీ చుట్టేవారు. ఆ చవకదనం వెనక ఎంత పేదరికం ఉందో నాకు తెలుసు. బాబాయి వేళ్ల చివర్ల మీద ఇప్పటికీ కాలిన మచ్చలున్నాయి, చిన్నప్పుడు అవి పుట్టుమచ్చలనుకునేవాణ్ణి. కానీ ఆ వెతకడం అనే విద్య తన కూలిని మించిన విద్య. దానికి దక్కాల్సిన గౌరవం దక్కలేదని మాత్రం నాకు గట్టిగా అనిపిస్తుంది. నాకు డిగ్రీ ఇచ్చిన కాలేజీలో ఎవరూ నన్ను "తగిలించి కొలిచావా, ఊడదీసి కొలిచావా" అని అడగలేదు.

మొన్న శనివారం పాత పంపును బల్ల మీద పెట్టి విప్పాను. పాయింట్లు కాస్త నల్లబడ్డాయి, అంతే. గుంటల్లేవు. సన్నటి గరుకు కాగితం మడతపెట్టి మధ్యలో రెండుసార్లు లాగాను, స్పిరిట్‌తో తుడిచాను. కొత్తదాన్ని విప్పి దాని పెట్టెలో దాచి, పాతదాన్నే దాని చోట బిగించాను. బాబాయికి ఫోన్ కలిపి, ఫోన్‌ను చక్రం పక్కన నేల మీద పెట్టాను. తాళం సగం తిప్పాను.

టిక్‌టిక్‌టిక్‌టిక్ అని గబగబా మొదలైంది. రెండు కార్బురేటర్లూ ఖాళీగా ఉన్నాయి, అందుకు ఆ తొందర. పది సెకన్లకు వేగం తగ్గింది. టిక్, టిక్. ఇంకా తగ్గింది. టిక్. ఫోన్లో వెనకాల ఆటో హారన్లు, పిన్ని ఎవరినో పిలవడం వినిపిస్తున్నాయి. బాబాయి మాట్లాడటం లేదు. చాలాసేపటికి ఇంకో టిక్. ఆ తర్వాత ఏమీ లేదు.

"నిండినయ్" అన్నాడు బాబాయి. "సెల్ఫ్ కొట్టు."